తిరుపతి లాడ్జి సిబ్బందికి విపత్తు శిక్షణ: మేము తీసుకున్న సేవపై ఒక సమీక్ష

తిరుపతి బస్టాండు పరిసరాల్లో మేము నడుపుతున్న లాడ్జి సిబ్బందికి ఇటీవల ఒక ప్రైవేటు సంస్థ చేత విపత్తు సన్నద్ధతపై ఒక పూట శిక్షణ ఇప్పించాము. అగ్నిప్రమాదం, వరద, తొక్కిసలాట, గుండెపోటు వంటి సందర్భాల్లో అగ్నిమాపక వాహనమో, 108 వాహనమో వచ్చేలోపు సిబ్బంది ఏం చేయాలన్నదే ఆ శిక్షణ విషయం. ఇటువంటి శిక్షణలు ఇచ్చేవారు చెన్నై, బెంగళూరుల నుంచి కూడా వస్తున్నారు. నేను విచారించినంతలో అందరి పాఠమూ ఇంచుమించు ఒకే తీరుగా ఉంది కాబట్టి, సంస్థ పేరు చెప్పకుండా సేవ గురించే రాస్తున్నాను. లాడ్జీలు, సత్రాలు, కల్యాణ మండపాలు నడిపేవారు ఎవరిని పిలిచినా వారి నుంచి ఏది ఆశించవచ్చో, ఏది పట్టుబట్టి అడగాలో తెలియడం ముఖ్యం. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. నిప్పు గురించి వీరు చాలా బాగా నేర్పారు, నీటి గురించి కొంత నేర్పారు, జనసమ్మర్దం గురించి దాదాపు ఏమీ నేర్పలేదు. తిరుపతిలో మాత్రం ఈ మూడింటిలో మొదట నేర్పవలసింది జనసమ్మర్దం గురించే.

2011 జనాభా లెక్కల ప్రకారం తిరుపతి నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నవారు మూడు లక్షలకు లోపే. అయితే తిరుమలలో స్వామివారిని దర్శించుకునేవారే సాధారణ దినాల్లో 60 వేల నుంచి 80 వేల వరకు ఉంటారు, వారిలో అత్యధికులు ఈ నగరం మీదుగానే కొండెక్కి, ఈ నగరం మీదుగానే తిరిగి వెళ్తారు. ఏ పూట చూసినా మన వీధుల్లో, లాడ్జీల్లో, బస్టాండులో ఉన్నవారిలో పెద్ద భాగం ఈ ఊరిని ఎరగనివారే. ఏ వీధి పల్లంలో ఉందో, వాన పడితే ఏ వంతెన కింద నీరు నిలుస్తుందో వారికి తెలియదు. అర్ధరాత్రి దాటాక గదికి వచ్చి, తెల్లవారుజామున మూడింటికే లేచి వెళ్లిపోయే కుటుంబం రెండో మెట్లదారి ఎటుందో చూసుకోవడమన్నది జరగదు. పెద్ద నగరాల కోసం తయారైన శిక్షణ పాఠాలు సాధారణంగా అక్కడే నివసించేవారిని, రోజూ అదే కార్యాలయానికి వచ్చేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వచ్చిపోయే జనంతో నిండిన నగరానికి ఆ పాఠాన్ని ఎంత మార్చి చెప్పారన్న కొలమానంతోనే నేను ఈ సేవను పరిశీలించాను.

శిక్షణ ఇచ్చినవారు ఇద్దరు. ఒకరు అగ్నిమాపక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన, మరొకరు అత్యవసర వైద్య సేవల్లో అనుభవం ఉన్న యువతి. శిక్షణకు ముందురోజు సాయంత్రం పెద్దాయన ఒక్కరే వచ్చి సెల్లారు నుంచి మిద్దె వరకు భవనమంతా తిరిగి చూశారు. ఈ సేవ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ పరిశీలనే. ఆయన ప్రతి అంతస్తులోనూ కారిడార్ చివరి వరకు నడిచి, కిటికీల ఊచలను పట్టి చూసి, కరెంటు ప్యానల్ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, ఏ స్విచ్ ఏ అంతస్తుదో మా ఎలక్ట్రీషియన్ చేత చెప్పించుకున్నారు. మిద్దె తలుపు తాళంచెవి ఎక్కడ ఉంటుందని అడిగినప్పుడు, రిసెప్షన్ డ్రాయరులో ఉంటుందని రూంబాయ్ చెప్పాడు. "మంట నడిమి అంతస్తులో లేస్తే పైన ఉండేవాళ్లు మిద్దె మీదికే పరుగెత్తుతారు. చెవి కిందుంటే వాళ్లెట్లా తీస్తారు నాయనా?" అని పెద్దాయన అడిగారు. ఆ తలుపుకు లోపలివైపు నుంచి చేత్తోనే తీయగల గడియ పెట్టించే పని ఆ మరునాడే మొదలైంది. శిక్షణకు వచ్చే సంస్థ ముందుగా భవనాన్ని చూడకుండా నేరుగా తెర కట్టి బొమ్మలు చూపించడానికి సిద్ధపడితే, ఆ సంస్థను పిలవకపోవడమే మంచిదని నా సలహా.

అగ్నిప్రమాదాల పాఠం దాదాపు రెండు గంటలు సాగింది. మంటకన్నా ముందు పొగ చంపుతుందన్న విషయాన్ని పెద్దాయన ఎంత నిదానంగా, ఎన్ని విధాలుగా చెప్పారంటే, గదులు శుభ్రం చేసే అక్కలు కూడా ఆ తరువాత దాన్ని తమ మాటల్లో ఒకరికొకరు చెప్పుకున్నారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచినప్పుడు, పైనున్న లాడ్జిలో బస చేసినవారిలో 8 మంది మరణించారు. కింద పుట్టిన పొగ మెట్లదారినే పొగగొట్టంగా చేసుకుని పై అంతస్తులను నింపింది, దిగడానికి ఉన్న దారి కూడా అదే. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ వద్ద 17 మందిని బలిగొన్న అగ్నిప్రమాదంలోనూ లోపలికి, బయటికి ఒకే ఇరుకు దారి ఉండడం పెద్ద అడ్డంకి అయింది. ఈ రెండు ఘటనలను ఆయన భయపెట్టడానికి వాడుకోలేదు. మా భవనం నక్షాను బల్ల మీద పరచి, మన సెల్లారులో బండ్లు ఎక్కడ ఆపుతున్నారు, ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు, అక్కడ పొగ పుడితే ఎటు పోతుంది అని వేలితో చూపిస్తూ చెప్పారు. సెల్లారుకు, మెట్లకు మధ్య ఉండే తలుపును ఇటుకరాయి అడ్డం పెట్టి ఎప్పుడూ తెరిచి ఉంచే అలవాటు మన లాడ్జీల్లో చాలాచోట్ల ఉంది. ఆ తలుపు పొగను ఆపడానికే ఉందని, దాన్ని మూసి ఉంచడం ఖర్చు లేని రక్షణ అని వివరించారు.

గదిలో చిక్కుకున్న యాత్రికుడు ఏం చేయాలన్నది కూడా సిబ్బందికి తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇంటర్‌కామ్‌లో ఆ మాట చెప్పవలసింది వారే. తలుపు తీసేముందు చేతి వెనుక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తీయకుండా, తడిపిన దుప్పటిని తలుపు కింది సందులో కూరి, కిటికీ దగ్గరికి వెళ్లి గుడ్డ ఊపాలి. పొగ కమ్మిన కారిడార్‌లో నడవవలసి వస్తే నేలకు వంగి, గోడను చేత్తో తాకుతూ పోవాలి. లిఫ్టు జోలికి పోకూడదు. ఈ మాటలను ఇంటర్‌కామ్‌లో ఎలా చెప్పాలో రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి చేత పదేపదే అభ్యాసం చేయించారు. మొదట ఆమె వివరంగా, మర్యాదగా, పొడవైన వాక్యాల్లో చెప్పింది. చివరికి మూడు చిన్న వాక్యాలకు కుదించేదాకా ఆయన వదిలిపెట్టలేదు.

మంటలార్పే సిలిండర్ల అభ్యాసం సెల్లారు బయటి ఖాళీ స్థలంలో జరిగింది. రేకు తొట్టిలో నిజంగానే మంట పెట్టి, సిబ్బందిలో ప్రతి ఒక్కరి చేతా సిలిండరు పట్టించారు. పిన్ను లాగడం, మంట పైభాగానికి కాకుండా అడుగుకు గురిపెట్టడం, మీట నొక్కడం, అటూ ఇటూ ఊపడం అనే నాలుగు పనులూ వినడానికి తేలికే. చేతిలో బరువు, ఎదురుగా వేడి ఉన్నప్పుడు పిన్ను లాగడమే మరిచిపోయి మీటను నొక్కేవారే ఎక్కువ. ఆరు కిలోల పౌడరు సిలిండరు ఇంచుమించు 15 నుంచి 20 సెకన్లలోనే ఖాళీ అవుతుందన్న సంగతి మా సిబ్బందికి ఆ రోజే కంటితో చూసి తెలిసింది. సిలిండరు ఉంది కదా అని పెద్ద మంటకు ఎదురు వెళ్లకూడదని, వీపు ఎప్పుడూ బయటికి పోయే దారివైపే ఉండాలని, ఒక సిలిండరుతో లొంగని మంట దగ్గర నుంచి తలుపు మూసుకుని వచ్చేయాలని చెప్పారు. కరెంటు బోర్డు దగ్గర మంట లేస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపాలని, నీళ్లు చల్లకూడదని, అక్కడ కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడడం మేలని, అయితే ఇరుకు గదిలో దాన్ని వాడినవారు వెంటనే బయటికి రావాలని మా ఎలక్ట్రీషియన్‌కు విడిగా వివరించారు. ప్రతి ఒక్కరికీ ఒకసారి చేతికిచ్చి చేయించడానికి చాలా సిలిండర్లు ఖర్చవుతాయి. కొన్ని సంస్థలు ఒకరిద్దరి చేత చేయించి మిగతావారిని చూడమంటాయని తోటి లాడ్జీలవారు చెప్పగా విన్నాను. ఒప్పందంలోనే ఈ సంగతిని రాయించుకోవడం అవసరం.

వంటగది పాఠం క్లుప్తంగా ముగిసినా ఉపయోగపడింది. వంటగ్యాసు గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారుగా పరుచుకుంటుంది. వాసన రాగానే ఫ్యాను వేయడం గానీ, లైటు ఆర్పడం గానీ చేయకుండా రెగ్యులేటర్ ఆపివేసి, తలుపులు బార్లా తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. నూనె బాణలి అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత పెట్టాలి. ఇవి అందరూ విన్నవే అయినా, వంటమాస్టరు ఎదుట నిలబడి ఒకరు అడిగి చెప్పించుకోవడంలో ప్రయోజనం ఉంది.

గుండె ఆగినవారికి ఛాతీ నొక్కే పద్ధతిని యువతి బొమ్మ మీద చూపించింది. పెద్దవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతున, ప్రతి నొక్కు తరువాత ఛాతీని పూర్తిగా పైకి లేవనిస్తూ, 108 వచ్చేదాకా ఆపకుండా చేయాలని చెప్పి, అలసిపోగానే మరొకరు అందుకునే తీరును జంటలు జంటలుగా చేయించింది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి, క్యూలో గంటలకొద్దీ నిలబడి, నిద్రాహారాలు సరిగా లేకుండా గదికి చేరే వృద్ధులు మన లాడ్జీల్లో ప్రతి రోజూ ఉంటారు. అందువల్ల ఈ భాగం అగ్నిప్రమాద పాఠంకన్నా తరచుగా అక్కరకు వచ్చే విద్య. ఆమె సహనానికి, చెప్పే తీరుకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

వరదల పాఠం దగ్గరికి వచ్చేసరికి సేవ స్థాయి పడిపోయింది. తెర మీద చూపినవన్నీ కోస్తా నగరాల చిత్రాలే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను, 2015 డిసెంబరులో చెన్నై వరదలు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు మునిగిన తీరు ఒకటి తరువాత ఒకటిగా వచ్చాయి. అవి తెలుసుకోదగినవే. ముఖ్యంగా చెన్నై మనకు దగ్గరి నగరం. 2015 డిసెంబరు మొదట తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వర్షం కురిపించిన ఈశాన్య రుతుపవనాలే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన జిల్లాలకూ వాన తెస్తాయి. ఆ సంబంధాన్ని కూడా శిక్షకులు చెప్పలేదు. జూన్‌లో వానాకాలానికి సిద్ధం కావాలని చెప్పారే గానీ, తిరుపతిలో ఒక లాడ్జి తన సెల్లారు మోటార్లను, జనరేటరును సెప్టెంబరు లోపల సరిచూసుకోవాలన్న మాట రాలేదు.

తిరుపతి వరద తీరు వేరు. తిరుమల 800 మీటర్లకు పైగా ఎత్తున ఉంటే, నగరం 160 మీటర్ల ప్రాంతంలో ఉంది. శేషాచలం మీద కురిసిన వాన కపిలతీర్థం, మాల్వాడి గుండం మీదుగా తక్కువ వ్యవధిలో ఊరి మీదికి దూకుతుంది. ఆ నీటిని ఒకప్పుడు నిలుపుకున్న కుంటల్లో కొన్ని ఇప్పుడు కాలనీలు. 2021 నవంబరు మూడో వారంలో కురిసిన వానకు రెండు ఘాట్ రోడ్లనూ, రెండు నడకదారులనూ మూసివేయవలసి వచ్చింది. శ్రీవారిమెట్టు దారి ఎంతగా దెబ్బతిన్నదంటే, తిరిగి తెరవడానికి 2022 మే నెల దాకా పట్టింది. నగరంలో పల్లపు కాలనీలు మునిగాయి, స్వర్ణముఖి ఉప్పొంగి తిరుచానూరు వైపు ఒడ్డును కోసింది, ఆ వెంటనే రాయలచెరువు కట్టకు లీకు ఏర్పడి దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. అంతకుముందు నెలలోనే, వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే వంతెన కింద నిలిచిన నీటిలోకి వెళ్లిన ఒక వాహనం చిక్కుకుని, కర్ణాటక నుంచి వచ్చిన ఒక యువతి ప్రాణం పోయింది. ఆ వాహనంలోని వారికి ఆ వంతెన సంగతి తెలిసే అవకాశం లేదు. మన ఊరి వారికి తెలుసు.

వరద వేళ లాడ్జి సిబ్బంది చేయవలసిన మొదటి పని ఇక్కడే ఉంది. వాన జోరుగా ఉన్న రాత్రి గది ఖాళీ చేసి బయలుదేరుతున్న యాత్రికుణ్ని ఆపి, ఫలానా వంతెన కిందికి వెళ్లవద్దని చెప్పడానికి పంపులూ, పడవలూ అక్కర్లేదు. కదిలే నీరు ముప్పై సెంటీమీటర్ల లోతున్నా చిన్న కారును పక్కకు నెట్టగలదని, అరవై సెంటీమీటర్లుంటే చాలా వాహనాలను తేల్చి తీసుకుపోగలదని శిక్షకులు చెప్పారు. అది మంచి మాటే. ఆ మాటను మా రిసెప్షన్ బల్లకు తగ్గట్టు, చుట్టుపక్కల నీరు నిలిచే చోట్ల పేర్లతో ఒక కాగితంగా రాయించి ఉంటే అది శిక్షణ అయ్యేది. అలాగే ఘాట్ రోడ్లు మూసినప్పుడు ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. పైకి వెళ్లలేనివారు గదులు ఖాళీ చేయరు, కొత్తగా బస్సులు, రైళ్లు దిగినవారు వస్తూనే ఉంటారు. అప్పుడు లాబీలో, మెట్ల మీద, వరండాలో మనుషులు నిండిపోతారు, సెల్లారులో నీరు చేరిందని కరెంటు ఆపవలసి వస్తుంది, చీకట్లో పిల్లలు ఏడుస్తుంటారు. వరద పాఠం అక్కడికి చేరకముందే ముగిసింది. సెల్లారులోని ప్యానల్ బోర్డును పై అంతస్తుకు మార్చమన్న సూచన ఒక్కటి మాత్రం ఆచరణయోగ్యం.

ఇక జనసమ్మర్దం విషయం. 2025 జనవరి 8న, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో బైరాగిపట్టెడ వంటి కేంద్రాల వద్ద గుమికూడినవారి మధ్య జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు మరణించారు. తిరుపతిలో ఉన్నవారెవరికీ ఆ రాత్రిని గుర్తుచేయవలసిన పని లేదు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల వద్ద 11 మంది చనిపోయారు. 2022 అక్టోబరులో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఒక ఇరుకు సందులో 150 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇంతటి విషయానికి శిక్షణలో కేటాయించిన సమయం పావుగంట మాత్రమే, అది కూడా భోజనానికి లేచే ముందు. తెర మీద ఒక గుంపు బొమ్మ, "తోపులాటకు దూరంగా ఉండండి, పోలీసులకు సహకరించండి, 112కు ఫోన్ చేయండి" అన్న మూడు మాటలు ఉన్నాయి. తిరుపతిలో పని చేసే మనిషిని జనానికి దూరంగా ఉండమనడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మా వాచ్‌మన్ అప్పుడు లేచి ఒక ప్రశ్న అడిగాడు. "సామీ, జనమంతా వచ్చి గేటు మీద పడితే గేటు తియ్యాల్నా, ముయ్యాల్నా?" గరుడసేవ నాటి రాత్రి, ముక్కోటి ఏకాదశి ముందు రోజుల్లో, గదులు లేవని బోర్డు పెట్టిన తరువాత కూడా గేటు బయట వందలమంది నిలబడి ఉండగా ఒంటరిగా కాపలా కాసిన మనిషి ప్రశ్న అది. బైరాగిపట్టెడలో కూడా, అస్వస్థతకు గురైన ఒక మహిళను బయటికి తీసుకురావడానికి గేటు తెరవగానే, టోకెన్ల కోసమే తెరిచారనుకుని వెనుకనున్నవారు ముందుకు తోసుకొచ్చారని అప్పటి వార్తలు చెప్పాయి. కాబట్టి అతని ప్రశ్నకు జవాబు తెలియడం ప్రాణాలకు సంబంధించిన విషయం. పెద్దాయన కాసేపు ఆలోచించి, అది పోలీసులు చూసుకునే పని అని చెప్పారు. ఆయన నిజాయితీని నేను తప్పుపట్టను, ఆయన నిప్పుతో పని చేసిన మనిషి. ఆ పాఠానికి జన నియంత్రణ తెలిసిన మరొకరిని సంస్థ పంపి ఉండవలసింది.

ఆ ప్రశ్నకు జవాబు లేకపోలేదు. గుంపుల ప్రమాదాలను అధ్యయనం చేసినవారు చెప్పే విషయాలు కొన్ని చాలా కాలంగా అందరికీ అందుబాటులో ఉన్నాయి. చదరపు మీటరుకు నలుగురు దాటితే నడక మందగిస్తుంది, ఆరుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం కదలలేడు, గుంపే అతన్ని మోసుకుపోతుంది. ఆ స్థితిలో చనిపోయేవారిలో ఎక్కువమంది కాళ్ల కింద నలిగి చనిపోరు. ఛాతీ మీద పడే ఒత్తిడికి ఊపిరి తీసుకోలేక, చాలాసార్లు నిలబడి ఉండగానే పోతారు. గుంపులో వెనుకనున్నవారికి ముందున్నవారి అవస్థ కనిపించదు, వినిపించదు. తలుపు తెరిచారన్న అలికిడి మాత్రం వారికి చేరుతుంది, దాంతో వారు ముందుకు వస్తారు. అందువల్ల ఒత్తిడి మొదలైన గేటును కొద్దిగా తెరిచి ఒక్కరిని పంపడమే అన్నిటికన్నా ప్రమాదకరం. బయటికి తీసుకురావలసిన మనిషి ఉంటే జనం నిలబడిన గేటు నుంచి కాకుండా వేరే దారిన తీసుకురావాలి. లోపల ఖాళీ ఉండి గేటు తెరవక తప్పకపోతే, ఒత్తిడి పెరగకముందే, పూర్తిగా తెరిచి, జనం లోపల పరుచుకునే చోటు చూపాలి. అన్నిటికన్నా ముందు గుంపు వెనుక భాగంతో మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి. గదులు లేవన్న మాట గేటు దగ్గర నిలబడినవాడికి కాదు, వీధి మలుపులో దిగుతున్నవాడికి చెప్పాలి.

గుంపులో చిక్కుకున్నవారికి కూడా చెప్పదగిన జాగ్రత్తలు ఉన్నాయి. రెండు చేతులూ ఛాతీ ముందు మడిచి ఊపిరికి కాస్త చోటు మిగుల్చుకోవాలి. గుంపు కదలికకు ఎదురు తిరగకుండా దానితో కదులుతూనే ఏటవాలుగా అంచువైపు జరగాలి. గోడలకు, ఇనుప కంచెలకు ఆనుకుపోకూడదు. చెప్పు జారినా, సెల్‌ఫోన్ పడినా వంగకూడదు. పిల్లలను భుజాల ఎత్తుకు లేపి పట్టుకోవాలి. ఇవి ఒక గది గోడ మీద అతికించదగిన మాటలు. టోకెన్ల కోసం రాత్రివేళ బయలుదేరుతున్న కుటుంబానికి తాళంచెవి తీసుకుంటూ రిసెప్షన్‌లో చెప్పదగిన మాటలు. తిరుపతికి శిక్షణ ఇవ్వడానికి వచ్చేవారు వీటిని అగ్నిప్రమాదంతో సమానంగా, మెట్ల మీద, గేటు దగ్గర, సిబ్బందిని నిజంగా నిలబెట్టి, ఒత్తిడి ఎలా పుడుతుందో ఒంటికి తెలిసేలా నేర్పాలి. నాలుగు చదరపు మీటర్ల చోటును సుద్దతో గీసి అందులో ఇరవై నలుగురిని నిలబెడితే చాలు, చదరపు మీటరుకు ఆరుగురంటే ఏమిటో వాచ్‌మన్‌కు జీవితాంతం గుర్తుంటుంది.

భాష విషయంలోనూ ఒక లోటు కనిపించింది. వారిచ్చిన పోస్టర్లు ఇంగ్లీషులో, హిందీలో ఉన్నాయి. అడిగిన తరువాత తెలుగువి పంపారు. మన గదుల్లో దిగేవారిలో తమిళులు, కన్నడిగులు ఎంతమందో చెప్పనక్కర్లేదు. "బయటికి రండి, లిఫ్టు ఎక్కవద్దు, మెట్లు ఇటువైపు" అన్న మాటలను తమిళంలో, కన్నడంలో, హిందీలో పలకడం సిబ్బందికి నేర్పలేదు. మా రిసెప్షన్ అమ్మాయిది చిత్తూరు కావడం వల్ల తమిళం వచ్చు. భోజన విరామంలో ఆమే మిగతావారికి ఆ నాలుగు మాటలు నేర్పింది.

శిక్షణ ముగిశాక వారం లోపల భవనం మీద ఒక నివేదిక పంపారు. అందులో ఏ లోపం ఎక్కడుందో ఫొటోలతో సహా స్పష్టంగా ఉంది, ఏది వెంటనే చేయాలో, ఏది కొంత ఆగి చేయవచ్చో విడదీసి రాశారు. అయితే చివరి పేజీలో సిలిండర్లు, అత్యవసర దీపాలు ఫలానా సరఫరాదారు దగ్గర కొనవచ్చని జతచేయడం నాకు నచ్చలేదు. లోపం చూపేవారు, సరుకు అమ్మేవారు వేరువేరుగా ఉన్నప్పుడే నివేదిక మీద పూర్తి నమ్మకం కుదురుతుంది. అక్కడే కొనాలని ఒత్తిడి మాత్రం చేయలేదని కూడా చెప్పాలి. ధరలు విచారించుకుని మేము వేరే చోట కొన్నాము.

రుసుము మనిషికి ఇంత అని కాకుండా ముప్పై మంది దాకా ఒక జట్టుగా లెక్క కట్టారు. ఖర్చయిన సిలిండర్లను మళ్లీ నింపించడం మన ఖాతాలోనే పడుతుంది. మధ్యతరహా లాడ్జికి పండుగ సీజనులో రెండు మూడు గదులకు రెండు రోజుల్లో వచ్చే అద్దె దీనికి సరిపోతుంది కాబట్టి ఖర్చు ఎక్కువని అనలేను. చిన్న లాడ్జీలవారు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే వీధిలో ఏర్పాటు చేసుకుంటే భారం ఇంకా తగ్గుతుంది, పైగా పక్క భవనాల సిబ్బందికి ఒకరినొకరు గుర్తుపట్టే అవకాశం కలుగుతుంది. నిప్పు, ప్రథమ చికిత్స కోసం ఈ సేవను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. వరద భాగానికి మన వీధి వివరాలను మనమే రాసి ముందుగా వారికి పంపాలి. జనసమ్మర్దం భాగాన్ని కనీసం గంటసేపు, గేటు దగ్గర అభ్యాసంతో సహా చెప్పిస్తామని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పిలవాలి. ఈ అభిప్రాయాలన్నీ సంస్థకు లేఖగా పంపాను. వారు నొచ్చుకోకుండా, వచ్చే బ్రహ్మోత్సవాలకు ముందు ఆ భాగాన్ని మాత్రమే మళ్లీ చెప్పిస్తామని, అందుకు జన నియంత్రణలో అనుభవమున్న మనిషిని వెతుకుతామని బదులు రాశారు.

మరొక ముఖ్యమైన లోటు వేళకు సంబంధించినది. శిక్షణ ఉదయం పదింటికి మొదలై మధ్యాహ్నంతో ముగియడం వల్ల పగటి సిబ్బంది అంతా ఉన్నారు గానీ, రాత్రి డ్యూటీ చేసేవారిలో ఎక్కువమంది ఇళ్ల దగ్గర నిద్రలో ఉన్నారు. సికింద్రాబాద్ లాడ్జి ప్రమాదం, బైరాగిపట్టెడ తొక్కిసలాట రెండూ రాత్రివేళ జరిగినవే. రాత్రి పన్నెండు దాటాక మా లాడ్జిలో మెలకువగా ఉండేది రిసెప్షన్‌లో ఒకరు, గేటు దగ్గర ఒకరు, పై అంతస్తులో ఒక రూంబాయ్. వారు ముగ్గురే వంద మందికి పైగా మనుషులను లేపి, మెట్లు దించి, వీధిలోకి చేర్చవలసి ఉంటుంది. రెండో విడత శిక్షణను రాత్రి పదకొండు తరువాత, గదులు నిండి ఉన్నప్పుడే, ఆ ముగ్గురి చేత చేయించమని అడిగాము. ఆ వేళకు రావాలంటే రుసుము పెరుగుతుందని సంస్థ చెప్పింది, మేము ఒప్పుకున్నాము.